సుద్దగీత చెరిగిన క్లచ్ ప్లేటు

గాజువాక షెడ్డులో నాలుగేళ్లుగా పంక్చర్లు వేస్తున్న దీనాకి ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు మొదటి పెద్ద పని. క్లచ్ సరిగ్గా పడితే ఇకమీదట ఇంజిన్ల పని ఆమెదే. తేడా వస్తే మళ్ళీ టైర్ల దగ్గరికే అని షెడ్డు యజమాని నీలకంఠం ముందే తేల్చేశాడు.

యాభై ఏళ్ల నాటి బండి. కొత్త ప్లేటు దొరక్క, అరిగినదానికే వన్‌టౌన్‌లో మేస్త్రీ గులాం మొహమ్మద్ చేత కొత్త లైనింగ్ పొర వేయించారు. పంపేముందు ఏ వైపు ఇంజిన్‌కి ఉండాలో తెలియడానికి దీనా సుద్దతో గీత గీసింది. పని శుభ్రంగా చేసే మనిషి కదా, ఆయన ప్లేటుని కిరసనాయిలుతో కడిగి మరీ ఇచ్చాడు. గీత పోయింది. చూస్తే రెండు వైపులూ ఒకలాగే ఉన్నాయి. నీలకంఠం ఒక వైపు చూపించి ఇటేనన్నాడు. దీనాకి అనుమానమే, అయినా అడక్కుండానే బిగించేసింది.

ఇప్పుడు కారు వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచి ఉంది. ఇంజిన్ ఆపి, గేరు వేసి, నీలకంఠం క్లచ్ పెడలు అదిమాడు. ప్లేటు విడితే చక్రం చేత్తో తిరగాలి. దీనా చక్రం తిప్పబోయింది. కదల్లేదు. రెండు చేతులా పట్టింది. అయినా కదల్లేదు.

గేటు దగ్గర కారు యజమాని కృష్ణంరాజు గడియారం చూసుకుంటున్నాడు. నాలుగింటికి బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు.

"కొత్త లైనింగు కదా, నడిత్తే సర్దుకుంటాది. స్టార్ట్ సెయ్యి," అన్నాడు నీలకంఠం లోగొంతుతో.

దీనాకి తెలుసు, సర్దుకోదు. ఏ సిగ్నల్ దగ్గరో క్లచ్ విడక, ముందున్న బండిని గుద్దుతుంది. ఆమె లేచి గేటు వైపు నడిచింది.

"రాజుగారూ, ప్లేటు తిరగబడి పడిందండి. నానే బిగించాను. మళ్ళీ దించాల."

"ఎంతసేపు?"

"మూడు గంటలండి."

కృష్ణంరాజు కారు వైపు ఒకసారి చూసి, ఎవరికో ఫోన్ చేసి తాను రావడం లేదని చెప్పాడు. అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. నీలకంఠం ఆమె మొహం చూడలేదు. గేర్‌బాక్సు దించడానికి మాత్రం రెండోవైపు చెయ్యేశాడు.

ప్లేటు తిప్పి పెట్టే ముందు దీనా దాని అంచున ఉలితో చిన్న గాటు పెట్టింది. మళ్ళీ అంతా బిగించేసరికి ఆరున్నరయింది. నీలకంఠం పెడలు తొక్కాడు. ఆమె చక్రం మీద చెయ్యి ఆనించి తోసింది.

తిరిగింది. తిరుగుతూనే ఉంది.

నీలకంఠం కారు దిగి చేతులు తుడుచుకున్నాడు.

"ఇటు అని నాను సెప్పినప్పుడే అడగాలమ్మా," అన్నాడు. గుడ్డ ఆమె చేతికిచ్చి, "రేపు పోర్టు లారీ ఒకటొత్తాది. గేర్‌బాక్సు నువ్వే దింపు."