కోతమిల్లులో నా కూత

నేను ఒక మెటల్ డిటెక్టర్‌ని. మూరెడు పొడుగు, నల్లటి ఒళ్లు, పట్టుకోవడానికి ఒక పిడి, పిడికి పైనా కిందా రెండు మీటలు, ఒక ఎర్ర దీపం. ఇనుమైనా, మరే లోహమైనా దగ్గరికొస్తే కూస్తాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఆ ఒక్క విద్య ఒక మనిషికి తెలిసిరావడానికి పట్టినంత కాలం నన్ను తయారు చేయడానికి కూడా పట్టలేదు.

ఒక రేకుల షెడ్డులో పుట్టాను. వెంట్రుకంత సన్నటి రాగితీగను ఒకమ్మాయి చుట్టలు చుట్టలుగా చుట్టి నా తలలో పెట్టింది. మధ్యలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పి, విసుక్కుంటూ మొత్తం విప్పి మళ్లీ చుట్టింది. చివర్లో తన పైటకున్న పిన్నీసు తీసి నా ముందు ఆడించింది. కూశాను. తల ఊపి నన్ను డబ్బాలో పెట్టింది. నా మాట విని ఒక మనిషి తల ఊపడం ఎంత అరుదైన సంగతో అప్పటికి నాకు తెలియదు.

నాతోపాటు తయారైనవాళ్లు సినిమా హాళ్లకీ, గుళ్లకీ, పెద్ద పెద్ద ఆఫీసులకీ వెళ్లారు. నేను గిద్దలూరు వచ్చాను, హైమావతమ్మ టింబర్ డిపోకి.

చెక్క కోసే చోట నాకేం పని అనుకున్నాను. రోడ్డు పక్క చెట్టుకు ఒళ్లంతా ఇనుమేనని అక్కడికి వచ్చాకే తెలిసింది. ట్యూషన్ బోర్డుకి ఒక మేకు, ఎన్నికల అట్టకి నాలుగు, బట్టలారేసే తీగకి ఒకటి, ఎందుకు కొట్టారో కొట్టినవాడికే గుర్తులేనివి మరికొన్ని. మనిషి మేకు కొట్టి తన దారిన తాను పోతాడు. చెట్టు దాని మీదుగా బెరడు కప్పుకుని పెరుగుతుంది. ఏ ఇరవై ఏళ్లకో ఆ చెట్టు దుంగై మిల్లుకొచ్చి రంపానికి ఎదురవుతుంది. ఆ రంపం రెండు పెద్ద చక్రాల మీద బెల్టులా తిరిగే పళ్ల ఉక్కుపట్టీ. మేకు తగిలితే తెగుతుంది. తెగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

నేను రావడానికి వారం ముందు అలాగే తెగింది. రంపానికి అవతల నిలబడి పలకలు అందుకునే చెంచయ్య భుజాన్ని చీల్చుకుంటూ పోయి వెనక రేకులో దిగబడింది. ఎనిమిది కుట్లు పడ్డాయి. జానెడు ఇటు వచ్చుంటే మెడ తెగేది.

ఆ దుంగను చూసి, "దీన్లో ఏం లేదు, ఎక్కించండి" అన్నవాడు దస్తగిరి.

దస్తగిరి ముప్పై ఒక్క ఏళ్లుగా కోత మేస్త్రి. బెరడు మీద నల్లటి మచ్చ చూసి లోపల మేకుందని చెప్పేవాడు. సుత్తితో దుంగను తట్టి, చప్పుడులో తేడా పట్టేవాడు. చుట్టుపక్కల మిల్లులవాళ్లు పెద్ద దుంగ వస్తే అతన్ని పిలిపించుకునేవారట. అలాంటివాడి చేతిలో హైమావతమ్మ నన్ను పెట్టింది. భర్త పోయాక పదేళ్లుగా ఒంటి చేత్తో డిపో నడుపుతున్న మనిషి, మాట మెత్తగా రాదు.

"చెంచయ్య కుట్లు మానేదాకా మిల్లు ఆపేస్తున్నా. ఈలోగా దీన్ని నేర్చుకో."

"దీంతో నాకేం పనమ్మా? నాకు చేతులున్నాయి, కళ్లున్నాయి."

"ఉన్నాయిలే. చెంచయ్య భుజం చూసొచ్చాను గదా, నీ కళ్లు ఎట్లున్నాయో తెలిసింది."

అతను నన్ను తీసుకుని పెరట్లో దుంగల దగ్గరికి వెళ్లాడు. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మొదట బ్యాటరీ తిరగేసి పెట్టాడు. నేను చచ్చినట్టు పడున్నాను. "చూశావా, పన్జెయ్యదు" అని తనలో తనే సంబరపడ్డాడు. హైమావతమ్మ వచ్చి సరిగ్గా పెట్టి వెళ్లింది. ఆ తర్వాత నన్ను చీపురు పట్టినట్టు పట్టి దుంగ మీద చకచకా ఊడ్చాడు. అంత వేగంగా ఊడిస్తే నాకు దూలమూ ఒకటే, దువ్వెనా ఒకటే. అదీగాక ఆ చేతికి ఉక్కు గొలుసు గడియారం ఉంది. అది నాకు బెత్తెడు దూరంలో వేలాడుతుంటే కూయకుండా ఎలా ఉంటాను? కూశాను. కూస్తూనే ఉన్నాను. అతను కనురెప్ప కూడా కదపలేదు. దుంగకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊడ్చి, తర్వాత నన్ను పక్కన పెట్టి, సుత్తి తీసి తట్టి, సుద్దముక్కతో గీతలు గీశాడు.

ఇంత మొండి మనిషిని నేను చూడలేదు. అప్పటికి నేను చూసినవాళ్లు నలుగురైదుగురే అనుకోండి.

రెండో రోజు వేపదుంగ. అందులో మేకు ఉంది, నాలుగంగుళాలది, బెరడుకింద బొటనవేలంత లోతులో. నాకు తెలుస్తోంది. గొంతు చించుకున్నాను. అతను నా మొహంలోకి చూశాడు, అంటే ఆ ఎర్ర దీపంకేసి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ దీపం నాకే కనపడదు. "మూగది" అన్నాడు. మూగదట! పక్క వీధిలో కుక్కలు మొరిగేంతగా అరుస్తుంటే మూగదని పేరు పెట్టాడు. నన్ను మోకాలికేసి రెండుసార్లు కొట్టాడు. మళ్లీ అరిచాను. మళ్లీ కొట్టాడు.

మూడో రోజు నీడలోకి వెళ్తే దీపం కనబడింది. ఇక దాన్నే చూడ్డం మొదలుపెట్టాడు. గడియారం పుణ్యమా అని అది ఆరకుండా వెలుగుతోంది. "చెక్కనిండా ఇనుమేనంట. పిచ్చిది" అన్నాడు. ఒకే వారంలో చచ్చినదాన్ని, మూగదాన్ని, పిచ్చిదాన్ని అయ్యాను. హైమావతమ్మ వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. ఆమె బంగారు గాజులకు కూశాను. వెంటనే గాజులు మోచేతికి తోసుకుని, మళ్లీ చూసి, "గడియారం తీసి పెట్టు దస్తగిరీ, అందుకే అరుస్తోంది" అంది. ఆమెకు అర నిమిషం పట్టింది.

అతను గడియారం తీశాడు. కానీ "అందుకే అరుస్తోంది" అన్నప్పుడు ఆమె మొహంకేసి అదోలా చూశాడు. నేను పట్టించుకోలేదు. నా కోపంలో నేనున్నాను.

పన్నెండో రోజు చెంచయ్య వచ్చాడు. భుజం ఇంకా బిగుసుకునే ఉన్నా, ఇంట్లో కూచోలేక వచ్చానన్నాడు. నలభై దాటిన మనిషి, పొట్టివాడు, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతుంటాడు. మోటారు గదికి వెళ్లి బెల్టుకి నూనె రాస్తున్నాడు. దస్తగిరి అదే వేపదుంగ మీద నన్ను నడిపించాడు. ఈసారి గడియారం లేదు, చెయ్యి నిదానంగానే కదిలింది. మేకు మీదికి రాగానే నేను కూసిన కూతలాంటిది నా పుట్టుకలో కూసి ఉండను. ఎండలో దీపం తెల్లబోయింది. అతను అలాగే ముందుకు జరిపి, చివరిదాకా వెళ్లి, దుంగ మీద సుద్దతో టిక్కు పెట్టాడు.

"ఎక్కిద్దాం పా చెంచయ్యా!"

ఆఫీసు గదిలోంచి హైమావతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఆగు! ఎక్కడికి ఎక్కించేది? అది అంతలా కూస్తుంటే?"

"కూసిందా?"

ఆ ఒక్క మాట అన్నాక అతని మొహం మారిపోయింది. ఆమె నన్ను అతని చేతిలోంచి తీసుకుని, అతన్ని అటు తిరగమంది. తిరిగాడు. అతని వీపు వెనక నన్ను తన గాజులకు ఆనించింది. కూశాను.

"ఇప్పుడు కూసిందా దస్తగిరీ?"

అతను ఆమెవైపు తిరిగాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"మాటలు వినపడతాయమ్మా. మొహం చూస్తే ఇంకా బాగా తెలుస్తాయి. సన్న చప్పుళ్లే పోయినయ్. పిట్టలు, ఫోను మోత... రెండేళ్లయింది."

"సుత్తి తట్టేది?"

"తట్టేవాణ్ణి. ఏం వినపడేది కాదు. పాత అలవాటు మీద చెప్పేవాణ్ణి."

ముప్పై ఒక్క ఏళ్లు ఆ రంపం పక్కన నిలబడితే చెవులు ఏమవుతాయి! ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. పన్నెండు రోజులు నేను తిట్టింది ఒక మొండివాణ్ణి అనుకున్నాను. కాదు, భయపడుతున్నవాణ్ణి. చెవుడున్న మేస్త్రిని ఏ మిల్లూ ఉంచుకోదని అతనికి తెలుసు.

హైమావతమ్మ కసిరింది. "నోరు తెరిచి చెప్తే ఏం పోయేది? మనిషి చచ్చుంటే?" అని అరిచి, ఆఫీసులోకి విసవిసా వెళ్లి, నా డబ్బాలో వచ్చిన కాగితం పట్టుకొచ్చింది. దాన్ని అంతవరకు ఎవరూ మడత విప్పలేదు. అందులో మూడు భాషలున్నాయి, తెలుగు లేదు. కళ్లద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఇంగ్లీషు ఒక్కో మాటా కూడబలుక్కుంది. తర్వాత నా పిడి కింద, మొదటి రోజునుంచీ అక్కడే ఉన్న, ఎవరూ ముట్టని రెండో మీటను గోటితో పక్కకు జరిపింది.

ఆ మీట జరిపితే నేను కూయను. వణుకుతాను. ఈ సంగతి నేనెలా చెప్పేది? చెప్పడానికి నాకున్నది ఆ కూత ఒక్కటేనాయె.

నన్ను దస్తగిరి అరచేతిలో పెట్టి, మేకు మీదికి నడిపించింది. వణికాను. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పెట్టాడు. వణికాను. బెత్తెడు పక్కకు జరిపితే ఆగాను. ఇంకోవైపునుంచి తెచ్చాడు. అక్కడా సరిగ్గా అదే చోట వణికాను. అతను వేలితో ఆ చోటు నొక్కిపట్టుకుని, ఉలితో బెరడు చెక్కాడు. తుప్పుపట్టిన మేకు తల బయటికొచ్చింది. దానివైపు చూస్తూ తల ఊపాడు.

"చెంచయ్యకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది హైమావతమ్మ.

"నేనే చెప్తానమ్మా."

అన్నాల దగ్గర చెప్పాడు. దాపరికం లేకుండా, రెండేళ్ల సంగతీ, సుత్తి సంగతీ, ఆ రోజు దుంగ సంగతీ, నా రెండో మీట సంగతీ. చెంచయ్య నోట్లోకి తీసుకెళ్తున్న ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టాడు.  ఎప్పుడూ వాగే మనిషి ఒకటే మాట అన్నాడు.

"నీ మాట నమ్మే గదన్నా, నేను రంపం ముందర నిలబడింది."

గిన్నె మూతపెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దస్తగిరి ఇంటికెళ్తే తలుపు తీసింది చెంచయ్య భార్య. ఇంట్లో లేడంది. లోపల అతని దగ్గు వినిపిస్తూనే ఉందట. నేను అక్కడ లేను, హైమావతమ్మతో దస్తగిరి చెప్పుకుంటుంటే విన్నాను. "దగ్గయితే వినపడిందమ్మా" అన్నాడు. నవ్వాలో వద్దో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత పదిరోజులు అతను నన్ను వదిలిపెడితే ఒట్టు. నేర్చుకోనన్నాళ్లు ఒక బాధ, నేర్చుకున్నాక ఇంకో బాధ. పొద్దున వచ్చింది మొదలు పెరట్లో ఉన్న ప్రతి దుంగా, ప్రతి కొమ్మా, కట్టెల కుప్పతో సహా తడిమించాడు. బ్యాటరీ అయిపోయి నేను సొమ్మసిల్లితే హడలిపోయి కొత్తది తెప్పించాడు. నా చూపు జానెడు లోతుకి మించి పోదని కూడా తనే కనిపెట్టాడు. దుంగ గుండెలో ఏముందో పైనుంచి నాకేం తెలుస్తుంది? అందుకని ఒక పలక కోయగానే మిల్లు ఆపి, కోసిన ముఖం మీద మళ్లీ నన్ను నడిపించాలని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. పని సగానికి సగం నెమ్మదించింది. హైమావతమ్మ గొణిగింది గానీ వద్దనలేదు. పలకలు అందుకోవడానికి ఒకతను వచ్చి, ఈ ఆగడాలు చూసి రెండో రోజే వెళ్లిపోయాడు.

పదకొండో రోజు రోడ్డు వెడల్పులో కొట్టేసిన చింతచెట్టు వచ్చింది. లారీలోంచి దించిన దాని మొదలు ఇద్దరు చేతులు చాచినా అందనంత లావు. బస్సుస్టాపు చెట్టట. అంటే ఊళ్లోని ప్రతి బోర్డూ దానికే కొట్టారన్నమాట. దస్తగిరి దాని పక్కన గొంతుక్కూచున్నాడు. నేను వణకని చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఒక్కో మేకూ చెక్కి పట్టకారుతో లాగి రేకు డబ్బాలో వేస్తున్నాడు. మధ్యాహ్నానికి నలభై మూడయ్యాయి.

గేటు దగ్గర చెంచయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. దస్తగిరికి అతని అడుగులు వినపడవు కదా, తలెత్తి చూడలేదు. చెంచయ్య అలా గంటసేపు చూశాడు. తర్వాత వచ్చి చెయ్యి చాపాడు.

"ఇట్లా తే."

దస్తగిరి లేచి నిలబడ్డాడు. నన్ను ఇచ్చాడు.

చెంచయ్య మీట జరిపి నా గొంతు నాకిచ్చాడు. మొదలు చుట్టూ తనే తిప్పాడు, పైనా, కిందా, పక్కలా. ఎంత అనుమానంగా తిప్పాడంటే, చూసినచోటే మళ్లీ మళ్లీ చూసి నా సహనం పరీక్షించాడు. ఒకచోట కూశాను. దస్తగిరి దాటిపోయిన చోటే, పంగలో. ఇద్దరూ వంగి చెక్కారు. మేకు కాదు, ఎద్దుల్ని కట్టే ఇనప కొంకి, చెట్టు పూర్తిగా మింగేసింది. అది ఊడి రావడానికి అరగంట పట్టింది.

"చూశావా, ఇదొకటి ఉండిపోయింది" అన్నాడు చెంచయ్య, అతని మొహానికి ఎదురుగా నిలబడి.

"చూశా. తప్పే."

"ఇక ముందు నువ్వు చూశాక నేను చూస్తా. నేను చూశాక నువ్వు చూడు. ఇద్దరం అయిందంటేనే ఎక్కిద్దాం. కాదంటే ఇప్పుడే చెప్పు, పోతా."

"కాదని ఎందుకంటా?" అన్నాడు దస్తగిరి. 

అంటే ఇకనుంచి ప్రతి దుంగకూ నాకు రెండుసార్లు చాకిరీ. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

చెంచయ్య మళ్లీ మీట జరిపి, వణికే దిక్కున పెట్టి, నన్ను దస్తగిరి చేతికిచ్చాడు. అతను ఇంకోసారి చుట్టూ తడిమాడు. ఎక్కడా వణకలేదు. చింతమొదలును, పట్టాల మీద రంపానికి ఎదురు నడిచే ఇనప బండి మీదికి ఎక్కించారు. నన్ను బల్ల మీద పెట్టారు. మోటారు మొదలైంది, చక్రాలు తిరిగాయి. చెంచయ్య వెళ్లి రంపానికి అవతల తన చోట నిలబడ్డాడు. బండి పిడి పట్టుకుని దస్తగిరి అతనివైపు చూశాడు. నెట్టలేదు. ఆ మోతలో చెంచయ్య అరిచినా లాభం లేదు, అరవలేదు కూడా. కుట్లు పడ్డ భుజం సహకరించినంతవరకు చెయ్యి పైకెత్తి, అతను చూశాడో లేదో చూసుకుని, నిదానంగా కిందికి దించాడు.

దస్తగిరి బండిని ముందుకు నెట్టాడు.