షావుకారు పెట్టిన బట్టలు

గోనె మూతి మడిచి, దబ్బనం గుచ్చి, పురికొస బిగించేసరికి పరదేశికి ఊపిరి అందలేదు. బస్తా మీద చెయ్యి ఆనించి ఆగాడు. ఒంటి మీద చొక్కా లేదు. కనుబొమల మీద, చెవుల మీద, మెడలో తాయెత్తు మీద కూడా తవుడు దుమ్మే. దగ్గు వచ్చింది. తువ్వాలులో ఉమ్మి, ఎరుపు కనపడకుండా మడతపెట్టి, మళ్ళీ దబ్బనం అందుకున్నాడు.

చోడవరంలో ఆ రైసుమిల్లు పెట్టిన నాటినుంచీ అతను మరలో ధాన్యం పోసేవాడు. మాఘమాసంలో ఒకనాడు ఇంజను బెల్టు తెగి, విసురుగా వచ్చి రొమ్ముకు తగిలింది. మిల్లు షావుకారు కాంపౌండరును పంపి పట్టు వేయించాడు. తరవాత తనే నడిచి పరదేశి పాకకు వచ్చి, నలుగురు పెద్దల ఎదుట తాంబూలంతో పంచెల చాపూ, చీరా పెట్టాడు. ఆ చుట్టుపక్కల తగువు తీరిందనడానికి అదే గుర్తు. బట్టలు అందుకున్నవాడు ఇక ఆ మాట ఎత్తకూడదు. పరదేశి ఎత్తలేదు. లేచి తిరిగాక సగం కూలికి గోనెలు కుట్టే పని ఇస్తే దానికీ దణ్ణం పెట్టాడు.

"ఏరా పెళ్ళికొడకా, కొత్త పంచె కట్టవేటి?" ఇంజను డ్రైవరు బంగార్రాజు నూనె చేతులు తుడుచుకుంటూ అరిచాడు. "ఆ బెల్టేదో నాకు తగిలినా బాగున్ను. నిక్కరు సిరిగిపోయింది."

"నీకు తగిల్తే బెల్టుకే కట్టు కట్టాలొరే!" అన్నాడు పరదేశి. నవ్వబోతే రొమ్ములో కలుక్కుమంది.

అతని భార్య చిన్నతల్లి ప్లీడరు గారింట్లో అంట్లు తోముతుంది. ఆ పొద్దున్న గంజి పోస్తూ రోజూ అనే మాటే మళ్ళీ అంది.

"ప్లీడరుబాబుని ఓపాలి అడుగు మావా. దెబ్బ తగిల్తే మిల్లోళ్ళు సొమ్మియ్యాలని సట్టముందని అమ్మగారు సెప్తన్నారు."

"బట్టలందుకున్నాం గదే."

"బట్టలు కట్టుకుంటాం. తింటామేటి?"

గోనెలు కుడుతున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో ఉంది. మధ్యాహ్నం సెలవడిగి, ప్లీడరు లక్ష్మీనరసింహం గారి వీధరుగు కింద వెళ్ళి నిలబడ్డాడు.

ఆయన పడక్కుర్చీలో విసనకర్ర ఊపుకుంటూ అంతా విన్నారు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావురా?"

"షావుకారు బట్టలెట్టేరు బాబూ. నలుగురూ సూసేరు. తీసుకున్నోణ్ణి, మళ్ళీ కేసంటే..."

"బట్టలు పెడితే హక్కు పోతుందని ఏ చట్టంలోనూ లేదు. ఆ సంగతి షావుకారు నీకు చెబుతాడా? అందుకే దెబ్బ తిన్నవాడు ముందు ప్లీడరు గుమ్మం తొక్కాలి. ఎక్కడైనా వేలిముద్ర వేశావా?"

"లేదు బాబూ."

"బతికించేవు. ఏడాది దాటకుండా అర్జీ పెట్టాలి, ఇంకా టైముంది. నిన్ను ఏ డాక్టరు చూశాడు?"

"కాంపౌండరు బాబు..."

"వాడు షావుకారి మనిషి. పెద్దాసుపత్రి డాక్టరు నీ రొమ్ము చూసి రాయాలి. ఆ రాత లేకపోతే ఇది మిల్లులో తగిలిన దెబ్బేనని దేంతో రుజువు చెయ్యను? రేపు పొద్దున్న బస్సుకి రా. విశాఖపట్నం నేనూ వస్తాను."

పరదేశి కదలలేదు. "షావుకారి మొగం ఎలా సూడ్డం బాబూ?"

"ఇన్నాళ్ళూ ఆయన నీ మొహం చూడ్డం లేదూ!"

ఇంటికి వస్తూ దారిలో రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. కానీ పాక చేరేసరికి గొంతులో ఎన్నాళ్ళుగానో లేని హుషారు.

"ఒసే, సొక్కా ఉతుకు. రేపు బస్సెక్కాల."

"కొత్త పంచెలున్నాయి గదా, పెళ్ళికొడుకులా ఎల్లు," అని మురిసిపోయింది చిన్నతల్లి.

"ఆయన బట్ట కట్టుకుని ఆయన మీదకెల్తానేటి? నా సొక్కాయే ఉతుకు."

మోచేతి దగ్గర మాసిక వేసిన ఆ చొక్కాను ఆమె అమ్మగారిచ్చిన సబ్బుముక్కతో పాక పక్క బండ మీద రుద్దింది. పొద్దు వాలుతోంది. పరదేశి గోడకు జారబడి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"డాకటేరు అడిగిందానికి సిగ్గుపడీకు," అంది, చొక్కా పిండి దండెం మీద ఆరేస్తూ. "రగతం పడతందనీ సెప్పు. నాకు తెల్దనుకున్నావేటి?"

చొక్కా అంచులు లాగి సరిచేసి, ఇటు తిరిగింది.

"నీకే మావా. ఇంటన్నావా?"

గడ్డం రొమ్ము మీదికి వాలి ఉంది. నిద్రపోయాడనుకుని, మెడ పట్టేస్తుందని తల సర్దబోయింది. తడిచెయ్యి చెంపకు తగిలినా అతను ఉలిక్కిపడలేదు.

మర్నాడు విశాఖపట్నం బస్సు వీధి చివర ఆగి, హారను కొట్టి వెళ్ళిపోయింది. ప్లీడరు గారు దాన్ని ఎక్కలేదు. పాక ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఒక్క డాక్టరైనా చూసి ఉంటే..." అన్నారు. చిన్నతల్లి తలెత్తి చూసేసరికి ఆ మాట అక్కడే ఆపేశారు.

జనం దండెం కింద నుంచి వంగి వెళుతున్నారు, వస్తున్నారు. చొక్కా ఎవరూ తియ్యలేదు. ఎండకు గుడ్డంతా తెల్లబడింది. మోచేతి మాసిక దగ్గర మాత్రం తడి ఇంకా ఆరలేదు.