ఓడ వంపుకి మూడు చుక్కలు

"బటన్ నొక్కితే అయిపోయే పనికి ఆదివారం కూడానా, యాగోదా?" అన్నాడు మా ఆయన ద్రాజెన్. అతని చొక్కాలే ఇస్త్రీ చేస్తున్నాను. కళ్ళు మాత్రం పక్కనున్న లాప్‌టాప్ మీదున్నాయి.

క్రొయేషియా రేవుపట్నం రియెకాలో మూతబడిన ఓడల కార్ఖానా నక్షాలను మ్యూజియం వెబ్‌సైటుకి ఎక్కించడం నా ఉద్యోగం. స్కాన్ చేసిన కాగితం వట్టి ఫొటో. పెద్దది చేస్తే గీతలు అలుక్కుపోతాయి. వెక్టర్ బొమ్మగా మారిస్తే ఫోనులో చూసినా, గోడంత చేసినా గీత గీతలాగే ఉంటుంది. బటన్ నేనూ నొక్కాను. గీతని నడిపే చుక్కలు నాలుగు వందలు పడి, ఓడ పొట్ట వంపు ముక్కముక్కలై, పురుగు కొరికిన ఆకులా వచ్చింది. మూడు వారాలుగా ఆ ముక్కలే ఏరుతున్నాను. "సోమవారానికి కాకపోతే బయటివాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడు మ్యూజియం డైరెక్టర్.

చిక్కుడుగింజలు ఒలుస్తున్న మా అత్తగారు నెవియా కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"ఎవరమ్మా దీన్నిలా పాడుచేసింది?"

"మిషనే, అత్తయ్యా."

"దానికేం తెలుసు పాపం, ఓడ చూసిందా ఏమన్నానా!"

ఆ కార్ఖానా నక్షాల గదిలో ఆమె ఇరవయ్యారేళ్ళు పనిచేసింది. ఇంట్లో దాన్ని కాపీ ఉద్యోగం అనేవారు. "ఇంజనీర్లు ఆలోచిస్తారు, మా ఆవిడ దిద్దుతుంది" అని మామగారు చుట్టాల ముందు నవ్వించేవారు. ఆవిడ నవ్వి కాఫీ తెచ్చేది. కొత్తకోడలిగా నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

"ఈ వంపు ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో గియ్యాలి. చెయ్యి తిరిగేది ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ." తెర మీద ఆమె వేలు మూడుచోట్ల ఆనింది. నాలుగు వందల చుక్కలూ చెరిపి మూడే పెట్టాను. గీత ముక్కు నుంచి తోకదాకా నీళ్ళలా జారింది. పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. ఎక్కడా వణుకు లేదు.

"మీరు గీసిందేనా ఇది?"

"కాదు, నాతో పనిచేసిన ఎత్తా అనే పిల్లది. దాని గీత చివర్లో కాస్త పైకి లేస్తుంది, చూడు."

నక్షా మూలన ఇంజనీరు సంతకం ఒక్కటే ఉంది. "మరి మీ పేర్లు?"

"మా పేర్లకి అక్కడ గడి లేదమ్మా."

ఈ బొమ్మ ఫైలులో గీతల వెనక మాటలు రాసే చోటుంటుందని, వెబ్‌సైటులో వెతికితే ఆ పేర్లు ఎవరికైనా దొరుకుతాయని చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "నా ఒక్కదాని పేరు వద్దు. మేం పదకొండు మందిమి" అంది. ఒక్కో నక్షా తెరుస్తుంటే, ఆమె గీత చూసి మనిషిని గుర్తుపట్టి చెబుతుంటే రాస్తూపోయాను. ఎత్తా, మిల్కా, ఒలివా...

"భోజనం సంగతేంటి?" అన్నాడు ద్రాజెన్.

అత్తగారు తల తిప్పలేదు. "చేపలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, దుంపలు బుట్టలో ఉన్నాయి. నీకు చేతులున్నాయి."

సోమవారం డైరెక్టర్ వంపు చూసి మురిసిపోయాడు. పేర్లు చూసి మొహం ముడిచాడు. "నక్షా ఇంజనీరుది కదండీ. ఇవి తీసెయ్యండి."

"గీత వీళ్ళది. పేర్లు తియ్యాలంటే గీతలూ తియ్యాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వంపుని మళ్ళీ పెద్దది చేసి చూశాడు. "సరే, ఉండనివ్వండి. వెబ్‌సైటుకి మార్చినవారు అన్నచోట ఎప్పటిలా మ్యూజియం పేరు వేసెయ్యండి."

సరేనని వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆరేళ్ళుగా అలాగే వేస్తున్నాను. ఈసారి ఆ చోట పన్నెండో పేరుగా నా పేరు రాసుకున్నాను.