ఫైలు తీసినవారు

"తెలియనిదేదీ నొక్కకు. అడిగి నొక్కు," అన్నాడు మొగుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె అప్పుడు తడిబట్టలు దులిపి తీగ మీద ఆరేస్తోంది. ఆఫీసులో ఇవాళ్టి నుంచి కంప్యూటర్లు మారుతున్నాయని, లోపల నడిపించే ఆపరేటింగ్ సిస్టమే వేరేదని, ఏదో మాటవరసకి చెప్పింది, అంతే. సలహా అడగలేదు. అడగకపోతే మాత్రం ఆయన ఇవ్వకుండా ఉంటాడా? ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి ఆయనే యజమాని. ఆమె ఎప్పుడైనా దాని ముందు కూర్చోవాలంటే ఆయన వచ్చి తెరవాలి. తెరిచి ఊరుకోడు. కుర్చీ వెనకాల నిలబడి, "అది కాదు, అది కాదు, ఇలా ఇవ్వు" అంటూ మౌస్ లాక్కుంటాడు. ఆమె ఫోను సైతం ఆయన మెయిలు మీదే నడుస్తుంది. బట్టలుతికే మెషిన్‌కి పదకొండు బటన్లున్నాయి. ఆరేళ్ళుగా ఆమె నొక్కేవి రెండే, కొన్న రోజున ఆయన వేలు పెట్టి చూపించినవి ఆ రెండే కాబట్టి. మిగతా తొమ్మిదీ ఎందుకున్నాయో ఇద్దరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునేది మాత్రం ఒక్కరే.

ఆమె పనిచేసేది పెద్ద ఆసుపత్రి రికార్డు గదిలో. కింది అంతస్తులో, మెట్ల పక్క నుంచి లోపలికి వెళ్తే, నేల నుంచి కప్పుదాకా ఇనుప అరలు, వాటి నిండా రోగుల ఫైళ్ళు. పై వార్డుల్లో డాక్టర్లకి ఎవరిదైనా పాత ఫైలు కావాల్సివస్తే కిందికి ఫోన్ చేస్తారు. ఆ ఫైలు ఏ అరలో ఉందో కంప్యూటర్‌లో చూసి, వెళ్ళి తీసి, ఒక చీటీ ప్రింటు తీసి దానికి పిన్ను కొట్టి పైకి పంపాలి. చీటీ అడుగున "ఫైలు తీసినవారు" అని ఒక గడి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ గడిలో ఒకటే పేరు. గదికి హెడ్డు అయిన పెద్దాయన పేరు. ఆ పెద్దాయన లేచి అరల దాకా నడవడం చూసి పదేళ్ళు దాటింది. పాపం, మోకాళ్ళు. కానీ పాత కంప్యూటర్లలో లాగిన్ ఒక్కటే ఉండేది, అది ఆయనది. పాస్‌వర్డు రాసిన కాగితం ప్రతి కీబోర్డు అడుగునా అంటించి ఉండేది. గదిలో ఎవరు తుమ్మినా దగ్గినా ఆయన పేరు మీదే. అది ఆ గది అలవాటు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా అనుకోలేదు. ఇంట్లో కరెంటు మీటరు దగ్గర నుంచి గుమ్మం మీద పలక దాకా ఇంకొకరి పేరు చూసి చూసి, ఆఫీసులో అది వింతగా కనిపించలేదు.

కొత్త సిస్టమ్ నేర్పడానికి కిందటి వారమే మనిషి వచ్చాడు. మూడు రోజులు, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. "నువ్వెందుకులే అమ్మాయీ, ఇంటికెళ్ళి వంట చూసుకోవాలిగా. మేమిద్దరం నేర్చుకొచ్చి చెప్తాం," అన్నాడు పెద్దాయన. ఆ అమ్మాయికి నలభై ఆరేళ్ళు. మేమిద్దరం అంటే ఆయనా, కళ్ళజోడూ. కళ్ళజోడు మూడేళ్ళ కిందట చేరిన ఉద్యోగి, పెద్దాయనకి తోడల్లుడి కొడుకు, మంచివాడే, కాకపోతే ఏ ఫైలు ఎక్కడుందో మూడేళ్ళుగా "అక్కా" అంటూ ఆమెనే అడుగుతున్నాడు. పెద్దాయన ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. కొత్త సిస్టమ్ మీద ఎవరి చేయి బాగా తిరిగితే వాళ్ళకే ఆ కుర్చీ ఇస్తానని, నెలాఖరుకి ఎవరెన్ని ఫైళ్ళు తీశారో తానే చూస్తానని సూపరింటెండెంటు మేడమ్ కాగితం పంపింది. ఆ కుర్చీ మీద ఆమె ఎప్పట్నుంచో మనసు పడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

కంప్యూటర్లు మారిన ఆ సోమవారం నాడు ఇద్దరు మగాళ్ళూ ట్రైనింగ్ పూర్తయిన ముఖాలతో కూర్చున్నారు. కాసేపటికే పెద్దాయన మౌస్‌ని తెర పైమూలకి తోశాడు. అంతే, తెరిచి ఉన్నవన్నీ ఒక్కసారిగా ముడుచుకుని చిన్న చిన్న బొమ్మలైపోయాయి. "పోయాయ్! అన్నీ పోయాయ్!" అని చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. కళ్ళజోడు తెర మీద ఒక విండో మూయబోయి కుడివైపు వెతికాడు. మూసే గుర్తు ఇప్పుడు ఎడమవైపుకి వెళ్ళింది. నిన్నటిదాకా కింద ఉన్న పట్టీ పైకి వెళ్ళింది. ప్రింటరు ఎక్కడుందో దేవుడికెరుక.

"ఉన్నట్టుండి అన్నీ ఇలా మార్చేస్తే మనిషి ఎలా బతుకుతాడమ్మా? అలవాటు పడడానికి టైమివ్వొద్దూ?" అన్నాడు పెద్దాయన, దాదాపు ఏడుపు గొంతుతో.

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ, ఆగలేదు, పైకే నవ్వేసింది. ఎందుకు నవ్విందో వాళ్ళకి తెలియదు. ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆమెను తెచ్చి ఓ కొత్త వంటింట్లో నిలబెట్టారు. ఏ డబ్బాలో ఏముందో తెలియదు, కత్తి ఏ సొరుగులో ఉందో తెలియదు, ఎవరి టీలో పంచదార ఎంతో తెలియదు, మామగారు ఏ మాటకి నవ్వుతారో ఏ మాటకి విసుక్కుంటారో తెలియదు. మర్నాడు ఆరింటికల్లా ఎనిమిది మందికి టీ అందాలి. మూడు రోజుల ట్రైనింగ్ లేదు. అర్థం కాకపోతే ఫోన్ చేయడానికి నంబరు లేదు. అమ్మకి ఒకసారి చేస్తే, "అప్పుడే పుట్టింటికి చేరవేతలు మొదలుపెట్టింది" అంది అత్తగారు. నిద్ర లేచే వేళ మారింది, తినే వేళ మారింది, నవ్వే గొంతు కూడా మారింది. పాపం పిల్ల, అన్నీ ఒక్కసారే మారితే ఎలా అని ఒక్కరూ అనలేదు. అయినా వారం తిరిగేసరికల్లా ఆ ఇంట్లో చీకట్లో కూడా తడుముకోకుండా నడిచింది. దాన్ని ఎవరూ తెలివి అనలేదు. సర్దుకుపోయింది అన్నారు.

అబ్బో, అయితే ఈ పని నాకు వచ్చు, అనుకుంది ఆమె. ఆ మాట లోపల మెదిలాక ఇక భయం ఎక్కడిది? మర్నాటి నుంచి గంట ముందే ఇంట్లోంచి బయటపడింది. వండినవి బల్ల మీద మూతపెట్టి ఉంచింది. "వడ్డించుకోవడం కూడా మేమేనా?" అంది అత్తగారు. "అవునత్తయ్యా," అని చెప్పులేసుకుంది. గదిలో ఎవరూ లేని ఆ గంటలో కనిపించినదల్లా నొక్కింది. అడక్కుండా నొక్కింది. నొక్కితే ఏమైందో నోటుపుస్తకంలో రాసుకుంది. ఒకసారి ఓ జాబితా మొత్తం మాయమైంది. తర్వాత మెల్లగా వెతికితే, చేసినదాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా ఉందని తెలిసింది. రెండు మీటలు కలిపి నొక్కితే చాలు, పోయింది తిరిగొచ్చింది. ఆమె అదే పనిగా నాలుగుసార్లు పోగొట్టి నాలుగుసార్లు తెచ్చుకుంది. కొత్త పెళ్ళికూతురుగా ఒక్కరోజు పాలు మాడిస్తే, ఆ సంగతి అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. పొరపాటు చేసినా మళ్ళీ ఎత్తిపొడవని చోటు ఒకటుందని ఆమెకి ఇన్నేళ్ళకి తెలిసింది. వారంలో మౌస్ ముట్టకుండా, కేవలం మీటలతో, రోగి నంబరు కొట్టగానే అర చూపించేలా చేయి తిరిగింది. గర్వంగా అనిపించింది. ఎందుకనిపించకూడదు?

అయితే ఆ వారమంతా గదిలో ఇంకో పెద్ద గొడవ నడిచింది. ఒకరు పని చేస్తుండగా ఇంకొకరు కంప్యూటర్ తెరిస్తే మొదటివాళ్ళని సిస్టమ్ బయటికి తోసేస్తోంది. పెద్దాయన వస్తే ఆమె బయటికి, ఆమె వస్తే కళ్ళజోడు బయటికి. "దరిద్రపు సిస్టమ్" అని పెద్దాయన పైకి ఫిర్యాదు రాశాడు. కంప్యూటర్ సెక్షన్ నుంచి ఇంజనీరమ్మ వచ్చి చూసి, కీబోర్డు కింద కాగితాలు చూసి, నడుం మీద చేతులేసుకుంది.

"ముగ్గురూ ఒకే పేరుతో దూరితే తొయ్యకేం చేస్తుందండీ? ఎవరి లాగిన్ వాళ్ళకి ఇచ్చాంగా. కవర్లు పంపాం, విప్పలేదా?"

కవర్లు పెద్దాయన సొరుగులో ఉన్నాయి. మూడు. ఎవరి పేరు వాళ్ళ కవరు మీద ఉంది. పాత పద్ధతే నడిపిద్దామని ఆయన తనది ఒక్కటీ విప్పి, మిగతా రెండూ దాచిపెట్టాడు. ఇంజనీరమ్మ ఆమె కవరు ఆమె చేతికిచ్చి, "మీకు నచ్చిన పాస్‌వర్డు పెట్టుకోండి మేడమ్. ఎవరికీ చెప్పకండి," అంది.

ఎవరికీ చెప్పకండి! ఆమెకి తెలిసిన పాస్‌వర్డులన్నీ ఇంకొకరివే. మొగుడి పుట్టినరోజు, పెద్దాయన స్కూటర్ నంబరు. తనది అంటూ ఒక మాట ఆలోచించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ మాటేమిటో నేనూ చెప్పను, నాకూ ఆవిడ చెప్పలేదు. ఆ రోజు మొదటి ఫైలు తీసి చీటీ ప్రింటు తీస్తే, "ఫైలు తీసినవారు" గడిలో ఆమె పేరు నల్లగా, గుండ్రంగా వచ్చింది. ఆ చీటీ వెంటనే పిన్ను కొట్టకుండా కాసేపు అలాగే చేత్తో పట్టుకుంది.

నాలుగు రోజులు చూసి పెద్దాయన ఆమెను పక్కకి పిలిచాడు. "చూడమ్మాయీ, మధ్యాహ్నం నుంచి నువ్వు మా కుర్రాడి లాగిన్‌తో తీస్తూ ఉండు. పని ఎలాగూ చేస్తున్నావు, ఏ పేరైతేనేం? నీకేంటమ్మా, మీ ఆయన సంపాదిస్తున్నాడు. వాడికి ముందు ముందు బోలెడంత సంసారం ఉంది."

ఆమె చేస్తున్నదేమిటో మరి, సంసారం కాకపోతే? అయినా ఆ పూట తలూపింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? తలూపింది. సాయంత్రంలోపు కళ్ళజోడు పేరుతో పద్దెనిమిది ఫైళ్ళు తీసింది. అందులో ఒకటి పై అరలో ఇరుక్కుపోయి, నిచ్చెన ఎక్కి లాగితే మోచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. ఆ చీటీ మీద కూడా కళ్ళజోడు పేరే. అతను ఆ వేళకి టీ తాగడానికి వెళ్ళాడు. ఆమెకి ఒళ్ళు మండింది. అతని మీద కాదు, తన మీద.

ఇంట్లో సంగతంతా చెప్పింది. "ఇచ్చెయ్, గొడవెందుకు? ఇన్‌ఛార్జ్ అంటే ఏడింటిదాకా అక్కడే పడుండాలి. ఇక్కడ పనెవరు చూస్తారు?" అన్నాడు మొగుడు. "అయినా ఆ కంప్యూటర్లూ అవీ నీ వల్ల అవుతుందా?"

"అయింది," అంది ఆమె.

ఆ ఒక్క మాటకి ఆయన తలెత్తి చూశాడు.

మర్నాడు పదకొండింటికి ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్. బల్ల మీద పడుకోబెట్టిన మనిషికి పాత ఆపరేషన్ వివరాలు కావాలి, వెంటనే కావాలి. పెద్దాయన గబగబా కళ్ళజోడు కంప్యూటర్ చూపించాడు. "తీయమ్మాయీ, వాడిది తెరిచే ఉంది, దాంట్లోనే తీయి!" కళ్ళజోడు కుర్చీ ఖాళీ చేశాడు కూడా. ఆమె ఆ కుర్చీ దాటి తన కుర్చీలోకి వెళ్ళింది, తన మాట కొట్టింది, నంబరు కొట్టింది. అర తెలిసింది. పరుగున వెళ్ళి ఫైలు తెచ్చింది, చీటీ తీసింది. మొత్తం నాలుగు నిమిషాలు.

ఫైలు పైకి వెళ్ళాక, "వాడి లాగిన్‌తో తీయమన్నానుగా!" అని పెద్దాయన కసిరాడు.

"ఆయన పేరుతో ఆయన్నే తీయమనండి సార్," అంది ఆమె. "నేను తీసేవి ఇకనుంచి నా పేరుతోనే తీస్తాను. నేర్చుకుంటానంటే ఆయనకి నేర్పుతాను. నా నోటుపుస్తకం ఇస్తాను. చేసి మాత్రం పెట్టను."

కళ్ళజోడు తలొంచుకుని, "నేర్పక్కా," అన్నాడు. చెప్పానుగా, మంచివాడే.

ఆ సాయంత్రం ఆమె దరఖాస్తు రాసింది. మొగుడు చదివి, "మరి ఇల్లు?" అన్నాడు. "మీకూ అత్తయ్యకీ కొన్నాళ్ళు కొత్తగానే ఉంటుంది. అలవాటవుతుంది," అంది. మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే ఆ కాగితం ఇచ్చేసింది.

నెలాఖరు రోజు సూపరింటెండెంటు మేడమ్ ముగ్గురినీ తన గదికి పిలిచింది. బల్ల మీద రెండు దరఖాస్తులు, ఎవరి లాగిన్ వాళ్ళ చేతికొచ్చిన రోజు నుంచి లెక్కకట్టి కంప్యూటర్ ఇచ్చిన జాబితా ఒకటి. కళ్ళజోడు దరఖాస్తుకి పెద్దాయన సిఫారసు కాగితం కుట్టి ఉంది. ఆమెదానికి ఏదీ లేదు. మేడమ్ జాబితా మీద వేలు పెట్టి కిందికి జరిపింది. కళ్ళజోడు పేరు అరవై మూడుసార్లు. పెద్దాయనది తొమ్మిదిసార్లు. ఆమె పేరు ఐదు వందల ముప్పై ఒకటి.

"ఇందులో ఆలోచించడానికేముంది? కుర్చీ ఈవిడదే," అంది మేడమ్. తర్వాత కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూసింది. "కానీ ఒక్కటి అర్థం కాలేదండీ. నేనిక్కడికొచ్చి ఆరేళ్ళయింది. మీ గది చీటీల కాపీలు రోజూ నా బల్ల మీదికొస్తాయి. మీ పేరు ఎప్పుడూ చూడలేదే? కొత్తగా చేరారా?"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన కోసం ఆగలేదు.

"నేను చేరి పంతొమ్మిదేళ్ళయింది మేడమ్. నా పేరే, ఈ నెల చేరింది."