తిత్తిలో సూదిబెజ్జాలు

నా కెమెరాలను పాడుచేసింది మా ఆవిడే. పోయి మూడేళ్లయింది కాబట్టి, నిలదీద్దామన్నా మనిషి లేదు.

నా దగ్గర పాత ఫ్రెంచి మడత కెమెరాలు తొమ్మిది ఉన్నాయి. మూసి ఉంటే కోటు జేబులో పడతాయి. మీట నొక్కితే మూత ముందుకు వాలుతుంది. దాని మీద కటకాన్ని ముందుకు లాగితే, వెనకాల నల్లటి తోలుతిత్తి మడతలు విప్పుకుంటుంది. వాటి మీద చెక్కిన ఫ్రెంచి ముక్కలు నాకు రావు. ఊరిబడి చదువు నాది. కానీ కళ్లు మూసుకుని షట్టరు చప్పుడు విని ఏది ఏదో చెప్పగలను.

చిక్కంతా తిత్తితోనే. సన్నటి బెజ్జం పడినా వెలుగు దూరి ఫిల్ము పాడవుతుంది. అందుకని నెలకోసారి మధ్యాహ్నంపూట కిటికీలు బిగించి, తిత్తిలో చిన్న బల్బు పెట్టి చూసేవాళ్లం. బెజ్జం ఉన్నచోట చుక్క మెరుస్తుంది. ఆవిడ వేలు పెట్టి చూపించేది. నేను జిగురులో మసి కలిపి పూసేవాణ్ణి. ప్రతిసారీ రెండో మూడో దొరికేవి. పాత తోలు కదా అనుకున్నాను. పదకొండేళ్లు అలాగే అనుకున్నాను.

మొన్న ఒకదాని షట్టరు పట్టేస్తే మరమ్మతు చేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తిత్తిని దీపానికి అడ్డం పెట్టి పెదవి విరిచాడు.

“మీ ఇంట్లో కుట్టుపని చేసేవాళ్లున్నారా?”

“దేనికి?”

“తోలు అరిగితే మడత మూలల్లో అరుగుతుందండీ. ఇవన్నీ చదునుగా ఉన్నచోట పడ్డాయి. సూదితో పొడిచినవి.”

“ముందు నీ కళ్లజోడు మార్పించుకో.”

“నిన్ననే మార్పించానండీ. అందుకే కనబడ్డాయి.”

కెమెరా అక్కడే వదిలి ఇంటికొచ్చాను. మిగిలిన ఎనిమిదీ బల్ల మీద విప్పాను. కూర్చోలేకపోయాను. ఒకటి మూస్తాను, మళ్లీ తెరుస్తాను, గదిలో నాలుగుసార్లు తిరిగి అదే చేతిలోకి తీసుకుంటాను. నా మసిచుక్కలన్నీ చదునుగా ఉన్నచోటే. ఆవిడ పోయాక కొత్త బెజ్జం ఒక్కటీ లేదు. ఈ మూడేళ్లూ అది నా జాగ్రత్తే అనుకున్నాను.

మరదలికి ఫోను చేశాను.

“మీ అక్కకు నా కెమెరాల మీద ఏం కడుపుమంట?”

“ఏం బావా, చచ్చినదాన్ని కూడా వదలవా?”

“సూదితో పొడిచింది. పదకొండేళ్లు. ఎన్ని ఫిల్ములు వెలుగు తగిలి పాడయ్యాయో తెలుసా?”

అవతల నవ్వు.

“ఇన్నాళ్లకు తెలిసిందా మహానుభావా! ‘కొత్త చీర కట్టుకోవే, బావ చూస్తాడు’ అన్నాన్నేను ఓసారి. ‘చూడరు లేవే. తిత్తికి బెజ్జం పడితే మాత్రం గంటసేపు నా పక్కన కూర్చుని మాట్లాడతారు’ అంది.”

“ఏం మాట్లాడేవాణ్ణట?”

“ ‘బల్బు ఇంకాస్త ఎడమకు’ అనేవాడివట.”

“కూర్చోమని అడగొచ్చుగా. నోరు లేదా?”

“అడిగితే కూర్చునేవాడివా బావా?”

ఫోను పెట్టేశాను.

మర్నాడు ముసలాయన ఫోను చేశాడు, షట్టరు బాగైంది, కొత్త తిత్తి కూడా వేయమంటారా అని. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. నీకనవసరం అన్నాను. మరదలు రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు.

ఆవిడ చేసింది తప్పే. ఎందుకు చేసినా తప్పే. నేను చేసిందేమిటో నాకు తెలుసు, దాన్ని ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. ఈ సంగతి ఇకమీదట నా నోట రాదు. అడిగితే లేచి వెళ్లిపోతాను.