పట్టుకునే చేతులు

"మెల్లగా వెయ్యవే, మంట! ఆపు, ఆపు!" అంటూ మా అత్తగారు నా చెయ్యి తోసేసింది. ఆవిడకి కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చుక్కలు వేయడం నా పని. అటు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఇటు ఈవిడ. నేను చెయ్యి ఆపేశాను. "అమ్మని ఏడిపించకు. నువ్వు రోజూ చేసే పనేగా," అన్నాడు మా ఆయన పేపరు చాటునుంచి.

రోజూ చేసే పనే. షాంపూలు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. కుందేళ్ళ కంట్లో షాంపూ చుక్క వేసి చూస్తారు. అవి కదలకుండా పట్టుకునేది నేను. "మగాళ్ళు పట్టుకుంటే గింజుకుంటాయమ్మా, మీవి బంగారు చేతులు," అన్నాడు మా మేనేజరు మొదట్లో. సిగ్గులేకుండా మురిసిపోయాను. మరి పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో నాకు దక్కిన మెప్పు కూడా అలాంటిదే కదా! "నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని పిల్ల" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు మామగారు. ఆ మాట నిలబెట్టడానికి ఎన్ని మాటలు మింగానో నాకే తెలుసు.

"ఆ కుందేళ్ళు కూడా ఇలాగే అరుస్తాయటే?" అత్తగారు కన్ను తుడుచుకుంటూ అడిగింది.

"అరవవు అత్తయ్యా."

"మరి మండుతోందని ఎలా తెలుస్తుంది?"

"మర్నాడు కన్ను ఎర్రబడితే రాసుకుంటారు."

నాకు మాత్రం అప్పుడే తెలుస్తుంది. చుక్క పడగానే కుందేలు గుండె నా అరచేతిలో దడదడలాడుతుంది. ఇంటికొచ్చి అంట్లు తోముతున్నా ఆ దడ చేతుల్లోంచి పోదు. మందుల సంగతైతే నాకు జవాబు తెలీదు, అత్తయ్య కంట్లో వేసే చుక్క కూడా ముందు ఏ జీవి కంట్లో పడిందో. కానీ ఇది మందు కాదే! నిరుటి షాంపూకే వాసన మార్చారు, రంగు మార్చారు. ఈ మాటే మా ఆయనతో అంటే, "కుందేలేగా! నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు పట్టుకుంటారు. ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంట్లో కూర్చుంటావా?" అన్నాడు. కూర్చోవడమట! ఈ ఇంట్లో నేను కూర్చున్నదెప్పుడు?

ఆ రోజు హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. మేనేజరు నన్ను చూపించి "మా బంగారు చేతులు" అని పరిచయం చేశాడు. బోనులోంచి తీసింది నిన్నటి కుందేలునే. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఇవాళ కుడి కన్నట. చేతుల్లోకి తీసుకోగానే అది నా మోచేతి మడతలో తల దాచుకుంది. ఒళ్ళు మండిపోయింది నాకు. అది కదలకుండా ఉన్నది నన్ను నమ్మి! నా నెమ్మదితనమే వీళ్ళకి పనిముట్టు. ఇంట్లోనూ అంతే, ఇక్కడా అంతే.

"ఆపండి," అన్నాను.

"ఏంటమ్మా?" మేనేజరు చుక్కల గొట్టం పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

"పొద్దున మా అత్తగారు ఆపమంటే ఆపాను. ఇది అనలేదు కాబట్టి దీని బదులు నేనంటున్నాను. దీనికి మండుతుంది. మీ కాగితాలకి రేపు తెలుస్తుందేమో, నా చేతులకి ఇప్పుడే తెలుసు."

"పెద్దవాళ్ళ ముందు పరువు తీయకండి. పట్టుకుంటారా, వెళ్ళిపోతారా?"

కుందేలుని బోనులో పెట్టి గడియ వేశాను. నేను చెప్పులేసుకునేలోపే ఇంకొకతన్ని పిలిచారు. అది అతని చెయ్యి రక్కేసి బల్లకిందికి దూరింది. రేపైనా పట్టుకుంటారని నాకు తెలుసు. నా చేతులతో మాత్రం కాదు.

విషయం వినగానే మా ఆయన ఇంతెత్తున లేచాడు. "పెద్ద ఘనకార్యమే చేశావు!" కాసేపు అరిచి, చివరికి తనే సర్దుకుని, "సరే, ఇంట్లోనే ఉంటావుగా, అమ్మని చూసుకో. చుక్కల టైమైంది," అన్నాడు.

మందు సీసా తెచ్చి అతని చేతిలో పెట్టాను. "మీ అమ్మగారు. మీరు వెయ్యండి."

"నాకు చేతకాదు!"

"నేనూ నేర్చుకునే చేశాను."

అతను తల్లి వైపు చూశాడు, నన్ను తిడుతుందేమోనని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత తలగడ మీదికి వాలి, మొహం పైకెత్తింది.

"వెయ్యరా. మండితే అరుస్తాలే, నాకు నోరుంది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.