రెండో గొట్టం

ప్రూఫ్‌రీడరు తన పాత కారును తీసుకెళ్లిన రోజున సైలెన్సర్ల మేస్త్రి మొహమాటపడకుండా చెప్పేశాడు.

"నాలుగు సిలిండర్ల బండి సార్ ఇది. పొగ పోవడానికి ఒక్క గొట్టం చాలు. రెండోది పెడితే బరువు తప్ప ఒరిగేదేం లేదు. పైగా కిందికి వేలాడుతుంది."

"చూడ్డానికి బాగుంటుందా, లేదా?"

"చూడ్డానికైతే జోరుగా ఉంటుంది."

"అయితే పెట్టెయ్."

ఇరవయ్యేళ్లుగా ప్రెస్సులో ఓ మూల కూర్చుని ఎవరివో తప్పులు దిద్దుకుంటున్న మనిషి. ఏనాడూ అతని వైపు ఎవరూ తలతిప్పి చూసింది లేదు. మర్నాడు వెనక రెండు వైపులా తళతళలాడే గొట్టాలతో కారు వచ్చి ఆగేసరికి, పని చేస్తున్నవాళ్లంతా బయటికొచ్చారు. "ఇంజను మార్పించారా?" అని ఎవరో అడిగారు. లేదందామనే నోరు తెరిచాడు. "కొంచెం పవరు పెంచాం లెండి" అన్న మాట బయటపడింది. వారం తిరక్కుండానే ఆ మాటకు కాళ్లొచ్చాయి. ఎంత ఎత్తయినా మూడో గేరులోనే ఎక్కేస్తుందని తనే చెప్పుకు తిరిగాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, పుస్తకాలు కుట్టే బైండింగు అక్కయ్యకు అల్లుడు ఫోను చేశాడు. కొండ మీది ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయి, ఆపరేషను తప్పదంటున్నారు. అచ్చు యంత్రం నడిపే మిషన్ బాబాయి చేతుల మసి తుడుచుకుంటూ లేచాడు.

"పదమ్మా, నా వ్యాన్‌లో దింపేస్తా."

"ఆ డొక్కు వ్యాన్ ఎప్పటికి చేరుస్తుంది బాబాయ్?" ప్రూఫ్‌రీడరు అడ్డొచ్చాడు. "నా కారెక్కు అక్కయ్యా. అరగంటలో నీ కూతురి పక్కనుంటావు."

అక్కయ్య ఇద్దరి వైపూ చూసి, కారెక్కింది. దారిలో ఇంటి దగ్గర ఆమె భర్త, చెల్లెలు రెండు సంచులతో వెనక సర్దుకున్నారు.

సగం కొండ ఎక్కారో లేదో, మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకరు మీద కింద ఏదో గట్టిగా గీసుకుంది. రెండో గొట్టం ఊడి, అసలు గొట్టాన్ని కూడా లాక్కుని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. గొట్టం చక్రానికి అడ్డుపడి కారు మూలిగి ఆగింది. అతను నేల మీద పడుకుని, కాలుతున్న గొట్టాన్ని రుమాలుతో పట్టుకుని కట్టబోయాడు. వేళ్లు బొబ్బలెక్కాయి తప్ప పని కాలేదు.

అక్కయ్య సంచి చంకన పెట్టుకుని కొండెక్కడం మొదలుపెట్టింది.

ఇరవై నిమిషాల తర్వాత, ఆమె మరిచిపోయిన ఫ్లాస్కు అందిద్దామని బయల్దేరిన మిషన్ బాబాయి వ్యాన్ నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా ఎక్కుతూ వచ్చింది. తోవలోనే అక్కయ్య వాళ్లందరినీ ఎక్కించుకుంది. ప్రూఫ్‌రీడరు కారు దగ్గరే తలెత్తకుండా ఉండిపోయాడు.

ఆమె చేరేసరికి కూతుర్ని ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్లి పది నిమిషాలైంది. తల్లీబిడ్డా క్షేమం. కానీ లోపలికి వెళ్లేముందు ఆ పిల్ల "అమ్మ వచ్చిందా?" అని నాలుగుసార్లు అడిగిందట.

వారానికి అక్కయ్య పనిలోకి వచ్చింది. "పాపం, బండి చెడిపోతే తమ్ముడేం చేస్తాడు" అని అందరితోనూ అంది. ఆ మాట అతని చెవిన పడింది. తిట్టినా బాగుండేదనిపించింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆమె బల్ల దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"అక్కయ్యా, అది చెడిపోవడం కాదు. ఆ రెండో గొట్టం ఉత్త సోకు. వద్దని మేస్త్రి ముందే చెప్పాడు. పవరు పెంచానన్నదీ అబద్ధమే."

ఆమె చేతిలో సూది ఆగింది.

"ఇంజన్ల సంగతి నాకేం తెలుసు? నువ్వన్నావని ఎక్కాను."

అంతే. మళ్లీ కుట్టులో పడింది. అతను తన మూలకు వెళ్లిపోయాడు. ఆ పూట ఎదురుగా ఉన్న కాగితంలో ఒక్క అక్షరమూ కళ్లకు ఆనలేదు.

మూడో నెలలో ఆమె మనవరాల్ని ప్రెస్సుకు తీసుకొచ్చి ఒక్కొక్కరి చేతుల్లో పెట్టింది. తనను దాటిపోతుందేమో అనుకున్నాడు. దాటలేదు.

"జాగ్రత్త సార్," అంది, "తల కింద చెయ్యి పెట్టండి."

ఎప్పటిలా "తమ్ముడూ" అనలేదు. అతను పిల్ల తల కింద చెయ్యి పెట్టాడు.